చప్పుడు లేని బొమ్మ

స్నానాలగదిలో నీళ్లు పోయే కంతకి జుట్టు అడ్డం పడింది. చేత్తో లాగితే గాని రాదు. ఆమె మోకాళ్ల మీద కూర్చుని రెండు వేళ్లు లోపలికి దూర్చి లాగుతోంది. సబ్బు జిగురు, గీసిన గడ్డం వెంట్రుకలు, ఎవరో ఉమ్మిన కళ్లె, అన్నీ కలిసి నల్లటి తాడులా సాగి సాగి వస్తోంది. ముక్కు మూసుకుందామంటే చేతులు ఖాళీ లేవు. అప్పుడు గుమ్మం దగ్గర నిలబడి మొగుడు అన్నాడు.

"ఇవాళ నేను కూడా నీతో పైకి వస్తాలే."

ఆమె చెయ్యి ఆగింది.

పైకి అంటే సినిమా హాల్లో ప్రొజెక్టరు గదికి. కాగితాల మీద ఆ గదికి ఆపరేటరు ఆయనే. తలుపు మీద పలక కూడా ఆయన పేరుతోనే ఉంది. కానీ ఆ మెట్లు నిటారుగా ఉంటాయి. ఆయనకి మోకాళ్ల నొప్పి. పేకాటకి పోయేటప్పుడు ఆ నొప్పి ఎక్కడుంటుందో తెలియదు, హాలు మెట్లు కనిపించగానే పరిగెత్తుకుని వస్తుంది. రీళ్లు పోయి కంప్యూటరు పెట్టె వచ్చిన కొత్తల్లో, నేర్పడానికి వచ్చిన ఇంజనీరు ముందు ఆయన కాసేపు ఆవలిస్తూ కూర్చున్నాడు. "ఈ బొత్తాల గోల నా వల్ల కాదు. నువ్వు నేర్చుకో, తర్వాత నాకు చెబుదువుగాని" అని లేచిపోయాడు. ఆమె నేర్చుకుంది. ఆయన మళ్లీ చెప్పించుకోలేదు. అప్పట్నుంచీ ఆటలు ఆడించేది ఆమె. జీతం తీసుకునేది ఆయన. హాల్లో అందరికీ ఆమె ఆపరేటరుగారి భార్య.

"మరి మోకాళ్లో?" అంది.

"మోకాళ్లకేం, రాళ్లలా ఉన్నాయి. అయినా నువ్వొక్కదానివే ఎంతని కష్టపడతావు?"

ఆమెకి భయం వేసింది. పెళ్లయిన దగ్గర్నుంచీ ఆ నోటి నుంచి "కష్టం" అన్న మాట ఆమె వైపుకి వచ్చింది లేదు.

వంటింటి వైపు నుంచి అత్తగారు కేకేసింది. "ఆ కంత తర్వాత చూద్దువుగాని, ముందు నాకు టీ పెట్టు. చేతులు సబ్బుతో కడుక్కో. నిన్న కప్పు వాసనేసింది."

ఆమె కంతని సగంలో వదిలేసి లేచింది. సబ్బుతో రెండుసార్లు కడుక్కుంది. వాసన పోలేదు.

హాలు ఆ వారం మూసి ఉంది. పాత సర్వరు చావుకు వచ్చింది. సినిమాలన్నీ కడుపులో దాచుకుని తెర మీదికి పంపే ఇనుప పెట్టె అది. లోపల వరసగా డిస్కులుంటాయి. ఒకటి అప్పటికే పోయింది, దాని పక్కది మూలుగుతోంది. పచ్చగా వెలగాల్సిన దీపాలు ఎర్రగా మిణుకుమంటున్నాయి. కొత్త పెట్టె వచ్చి మెట్ల కింద అట్టల్లో కూర్చుంది. దాన్ని బిగించేలోపు పాతదాంట్లోవి బయటికి తియ్యాలి. పెద్ద సినిమాలతో బాధ లేదు. అవి తాళం వేసి వస్తాయి, గడువు తీరాక లోపల ఉన్నా లేనట్టే. తియ్యాల్సినవి తాళం లేనివి. బట్టల కొట్టు ప్రకటనలు, ఫోన్లు ఆపుకోమని చెప్పే బొమ్మ, అన్నిటికంటే ముఖ్యంగా యజమాని తండ్రి మాట్లాడిన వీడియో. హాలు కట్టించింది ఆ పెద్దాయనే. పోయేముందు కెమెరా ముందు కూర్చుని ఇటుక ఇటుక ఎలా పేర్చాడో చెప్పుకున్నాడు. తీసినవాడి దగ్గర అది పోయింది. ఇంట్లో ఉన్న కాపీ ఫోనుతో పాటు నీళ్లలో పడింది. మిగిలింది ఈ చావుబతుకుల పెట్టెలోదే.

"అది పోతే మా నాన్న రెండోసారి పోయినట్టే" అన్నాడు యజమాని. అన్నది ఆమె మొగుడితో. ఆమె పక్కనే నిలబడి ఉంది. "సాయంత్రం మా ఇంటివాళ్లని తీసుకొస్తాను. నువ్వు తెర మీద వేసి చూపించాలి."

"మీరు నిశ్చింతగా ఉండండి సార్. నేను చూసుకుంటాగా" అన్నాడు మొగుడు.

ఆమె పెట్టెకి వైరు తగిలించి, ఆ కొస ల్యాప్‌టాప్‌కి పెట్టి, ఒక్కొక్క ఫైలే కొత్త డిస్కులోకి లాగడం మొదలుపెట్టింది. అన్నీ ఒకేసారి లాగితే ముసలి పెట్టె ఉక్కిరిబిక్కిరై పడిపోతుంది. ఒకటి లాగి, కాస్త ఊపిరి తీసుకోనిచ్చి, మళ్లీ ఇంకొకటి. జబ్బుమనిషికి చెంచాతో మందు పట్టినట్టు పట్టాలి. మామగారికి ఆఖరి రోజుల్లో అలాగే పట్టింది. ఆయన సగం మింగి సగం ఆమె చేతి మీద ఉమ్మేసేవాడు. ఆమె తుడిచేది, పక్క మార్చేది, ఎత్తి పోసేది. చూడడానికి ఎవరైనా వస్తే అత్తగారు గుమ్మంలోనే కళ్లొత్తుకుని "మావాడు తండ్రిని కంటికి రెప్పలా చూసుకుంటున్నాడమ్మా" అనేది. ఆ మాట ఆమె లోపల మలమూత్రాల గిన్నె పట్టుకుని వినేది. అప్పుడు కోపం రాలేదు. అలసట కోపాన్ని కూడా రానివ్వదు.

మొగుడు స్టూలు మీద కూర్చుని కాలు ఊపుతున్నాడు. గదంతా సిగరెట్టు కంపు, తలనూనె కంపు. అటు తిరగాలంటే ఆయన మోకాలు, ఇటు తిరగాలంటే ఆయన పొట్ట.

"అదేంటి?"

"బట్టల కొట్టు ప్రకటన."

"ఇదో?"

"చెప్పుల కొట్టుది."

కాసేపు గొంతు సవరించుకున్నాడు. "ఒకమాట. అందులో 'పరీక్ష' అని ఒకటుంటుంది. అది తియ్యకు. తెరవకు కూడా. వైరస్ ఉంది దాంట్లో. చెరిపెయ్."

"మీకెలా తెలుసు?"

"ప్రకటనలు తెచ్చిపెట్టే అతను చెప్పాడు. ఆట అయిపోగానే జాబితాలోంచి తీసేశాననే చెప్పాడు వాడు. నిన్న కొత్త పెట్టె ఇంజనీరేమో, జాబితాలోంచి తీసినా లోపల ఉంటుంది సార్ అంటాడు. ఇదేం దరిద్రపు పెట్టో!"

అది నిజమే. ఆటల జాబితాలోంచి పేరు తీసెయ్యడమంటే గోడ మీద పోస్టరు చింపడం లాంటిది. బొమ్మ లోపలే ఉంటుంది, డిస్కులోంచి చెరిపితేనే పోతుంది. మీట మీద చెయ్యి వెయ్యని మనిషికి ఆ సంగతి తెలిసే వీలు లేదు.

"సరే" అంది ఆమె.

"తెరవవు కదా?"

"తెరవనంటున్నాగా."

ఆయన మొహం తేటపడింది. మోకాళ్లు మళ్లీ గుర్తొచ్చాయి. "ఈ చలిగదిలో కీళ్లు పట్టేస్తున్నాయి. వీధి చివర టీ కొట్టులో ఉంటాను, ఫోను చెయ్యి" అని దిగి వెళ్లిపోయాడు.

తీసిన ప్రతిదీ ఒకసారి తెర మీద ఆడించి చూడడం ఆమె పద్ధతి. వచ్చేసిందని మర చెబితే నమ్మదు. ఒకసారి నమ్మితే ప్రకటన సగంలో బొమ్మ పచ్చపచ్చగా సాగిపోయింది, జనం ఈలలేశారు. మొగుడు యజమాని దగ్గరికి పోయి "మా ఆవిడ పొరపాటు సార్" అని చెప్పి వచ్చాడు. ఆటలు బాగా నడిచిన రోజున మాత్రం మా ఆవిడ అన్న మాట ఆ నోటికి రాదు. పెద్దాయన వీడియో వచ్చింది. ఆడించి చూసింది, గీత కూడా పడలేదు. తర్వాత "పరీక్ష" కూడా లాగింది. దాన్నీ తెర మీదికి వదిలి, గాజు కిటికీకి నుదురు ఆనించి చూసింది.

ముందు అక్షరాలు పడ్డాయి. మా ఇంటి జనరేటరు.

ఆ వెనక తెర నిండా నోరు. తెరిచిన నోరు. గారపట్టిన పళ్లు, మూలన చొంగ, కొండనాలుక దాకా ఎర్రగా గుహలా ఉంది. గురక హాలంతా ఊపేస్తోంది. అది ఎవరి నోరో ఆమెకి వెంటనే తెలియలేదు. తమ నోరు ఎవరు మాత్రం అంత పెద్దగా చూసుకుంటారు? కెమెరా కాస్త వెనక్కి జరిగాక దిండు కనిపించింది. గలీబు మీద నీలం పువ్వులు. ఆ పువ్వులు తాను కుట్టినవి.

తర్వాత వంగి నేల తుడుస్తున్న మనిషి వెనకభాగం. బాకా ఊదినట్టు పాట. కెమెరా దగ్గరికి, ఇంకా దగ్గరికి వచ్చింది. తర్వాత పొయ్యి దగ్గర చెమట తుడుచుకుంటూ తనలో తాను గొణుక్కోవడం. చంక గోక్కోవడం. తడిబట్టల బకెట్టు ఎత్తలేక ఎత్తుతూ మొహం వంకరగా పెట్టడం. తర్వాత గోడ వైపు తిరిగి ఏడవడం. ఆ ఏడుపు ఏ రోజుదో ఆమెకి గుర్తుంది. అమ్మ పోయిన కబురు వచ్చిన రోజుది. ఆ ఏడుపు మీద బాతు అరుపు అతికించారు. భుజం ఎగిరినప్పుడల్లా బాతు అరిచింది. దాని వెనక అత్తగారి గొంతు, చిన్నగా, నవ్వాపుకుంటూ. "ఇటు నుంచి తియ్యరా, ఇక్కడైతే మొహం బాగా పడుతుంది."

ఆమె చెత్తబుట్ట అందుకుని వాంతి చేసుకుంది. మూతి తుడుచుకుని మళ్లీ కిటికీ దగ్గరికి వచ్చింది.

కిందటేడు హాలు పుట్టినరోజు చేసినప్పుడు పనివాళ్లందరికీ లోపల భోజనాలు పెట్టారు. వండింది ఆమె. అందరూ తిన్నాక పెరట్లో పంపు దగ్గర కూర్చుని అంట్లు తోమింది కూడా ఆమె. ఆ పూట పైన మీట నొక్కింది ప్రకటనలు తెచ్చిపెట్టే అతను. గిన్నెల అడుగున మాడు గీకుతుంటే లోపల్నుంచి నవ్వులు వినిపించాయి. అలాంటిలాంటి నవ్వులు కాదు, కుర్చీలు కొట్టి నవ్వడం. అందరికంటే పైన మొగుడి నవ్వు. ఏమైందండీ అని ఆ సాయంత్రం అడిగితే "ఏదో కామెడీ ముక్క వేశారులే, నీకు అర్థం కాదు" అన్నాడు. ఆ మర్నాటి నుంచీ క్యాంటీనతను ఆమెని జనరేటరక్కా అని పిలవడం మొదలుపెట్టాడు. కరెంటు పోతే పరిగెత్తి జనరేటరు వేసేది తనే కదా, అందుకే కాబోలనుకుంది. పైగా మురిసింది. పిలిచినప్పుడల్లా నవ్వుతూ పలికింది. ఇప్పుడు ఆ పలికిన పలుకులన్నీ ఒక్కొక్కటిగా గుర్తొచ్చి, ఒంటి మీద ఏదో పాకుతున్నట్టు ఉంది. పక్కలో పడుకున్న మనిషి నిద్రపోలేదన్నమాట. మేలుకుని, దుప్పటి తొలగించి, మొహం మీదికి వంగి, నోట్లోకి ఫోను పెట్టి తీశాడన్నమాట. ఒక రాత్రి కాదు. దిండు గలీబులు మారాయి. పొద్దున లేచి ఆ చేత్తోనే "టీ ఏదీ" అని కప్పు అందుకున్నాడన్నమాట.

"అమ్మా!" కింద కుర్చీల మధ్య నుంచి ఊడ్చే ఆవిడ కేకేసింది. "ఇది మళ్లీ వేశారేంటమ్మా?"

మళ్లీ. ఆ మాట పట్టుకుని ఆమె కిందికి దిగింది. ఊడ్చే ఆవిడ చీపురు చంకలో పెట్టుకుని నిలబడిపోయి ఉంది.

"నువ్వు చూశావా ఇది?"

"సార్‌తో సహా అందరం చూశాం కదమ్మా. మీకు తెలుసనుకున్నా."

"నవ్వావా?"

ఆవిడ చీపురు వైపు చూసింది. తర్వాత మొహం ఎత్తింది. "అబద్ధమెందుకు, నవ్వానమ్మా. అందరూ నవ్వుతుంటే నోరు దానంతటదే తెరుచుకుంది. ఇంటికెళ్లాక మా ఆయన ఫోను తీస్తే చాలు, దుప్పటి మొహం మీదికి లాక్కోవడం అలవాటైంది. ఇప్పటికీ అలాగే పడుకుంటున్నా."

వెనక తెర మీద బాతు అరుస్తోంది.

ఆమె పైకెళ్లి సౌండు పూర్తిగా తగ్గించేసింది. బొమ్మ మళ్లీ మొదటినుంచీ వేసింది. ఈసారి పాట లేదు, బాకా లేదు, బాతు లేదు. ఊడ్చే ఆవిడ వెనకవరసలో చతికిలబడి చూసింది. ఈమె కిటికీలోంచి చూసింది. చప్పుడు పోయాక ఆ బొమ్మలో నవ్వడానికి ఏమీ మిగల్లేదు. ఒక మనిషి తుడుస్తోంది, వండుతోంది, మోస్తోంది, ఏడుస్తోంది, ఒళ్లు తెలియకుండా నిద్రపోతోంది. అంతే. దొంగచాటుగా దాక్కుని చూసే కన్ను మాత్రం, ఇంతకుముందు పాట వెనక దాక్కున్నది, ఇప్పుడు బాగా కనిపిస్తోంది. నేల తుడిచే మనిషి వెనక అది ఎంతసేపు నిలబడిందో, ఎంత తీరిగ్గా నిలబడిందో. బకెట్టుకి ఒక చెయ్యి వెయ్యకుండా.

మధ్యాహ్నం మొగుడు తలుపులోంచి తల పెట్టాడు. "అది చెరిపేశావా?"

"ఆ పని చూశాను."

"తెరవలేదు కదా?"

"తెరవడానికి తీరికెక్కడిది?"

"నా బంగారం" అని బుగ్గ నిమిరాడు. కంతలోంచి తీసిన జిగురు తగిలినట్టయింది. ఆమె మొహం పక్కకి తిప్పుకుని డిస్కు మీది దుమ్ము ఊదింది.

సాయంత్రం యజమాని భార్యనీ కోడల్నీ వెంటబెట్టుకుని వచ్చాడు. అత్తగారు కూడా వచ్చింది. కొడుక్కి నలుగురిలో మెప్పు దొరుకుతుందంటే ఆవిడ ఎక్కడికైనా వస్తుంది. మంచి బట్టలు కట్టుకుని ముందువరసలో కూర్చుంది. మొగుడు యజమాని పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఆమె పైన ఉంది.

పెద్దాయన తెర మీదికి వచ్చాడు. దగ్గాడు, నవ్వాడు, మొదటి ఇటుక పెట్టిన నాడు వాన ఎలా కురిసిందో చెప్పాడు. యజమాని చిన్నపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు. అయిపోయాక లేచి ఆమె మొగుణ్ణి కావలించుకున్నాడు.

"బతికించావయ్యా మా నాన్నని!"

"అబ్బే, ఎంతమాట సార్. పొద్దుట్నుంచీ ఆ పెట్టె ముందు కదల్లేదు. ప్రాణం పెట్టి తీశాను."

"నా బిడ్డ తిండి కూడా తినలేదండీ" అంది అత్తగారు, కళ్లొత్తుకుంటూ.

తలుపు తీసే ఉంది. ఆ మాటలు మెట్ల మీదుగా నడిచి వచ్చినట్టు ఆమె చెవిన పడ్డాయి. చాలా ఏళ్లుగా తెలిసిన మాటలు. తెలిసిన ఒత్తుకోవడం. మలమూత్రాల గిన్నె మాత్రం ఈసారి ఆమె చేతిలో లేదు.

సౌండు సున్నాకి తిప్పింది. పాత పెట్టెలోంచే "పరీక్ష" పెట్టి, అయిపోగానే మళ్లీ మొదటికి వచ్చేలా మీట నొక్కింది. పెద్దాయన వీడియో ఉన్న డిస్కు గుడ్డలో చుట్టుకుని మెట్లు దిగింది.

ఆమె హాల్లోకి వచ్చేసరికి తెర మీద నోరు తెరుచుకుని ఉంది. ఎవరూ నవ్వడం లేదు. ఆమె నడుచుకుంటూ పోయి తెర ముందు, వాళ్లకి ఎదురుగా నిలబడింది. బొమ్మ వెలుగు వాళ్ల మొహాల మీద పడి కదులుతోంది. యజమాని చూపు బూట్లకి అతుక్కుపోయింది. ఆయనకి ఆ బొమ్మ కొత్త కాదు.

"ఇదేంటి?" అంది యజమాని భార్య. "ఆ మనిషి నువ్వే కదమ్మా?"

"నేనేనండి."

"ఛీ! ఎవరు తీశారిది?"

"ఆపరేటరుగారు. అత్తయ్య పక్కనుండి తీయించారు. కిందటేడు నేను అంట్లు తోముతుంటే ఇదే తెర మీద వేసుకున్నారు. అప్పుడు పాటలవీ ఉన్నాయి. అందరూ బాగా నవ్వారట, సార్ కూడా. ఇవాళ పాటలు తీసేశాను." ఆమె ముందువరస వైపు తిరిగింది. "ఇప్పుడు నవ్వండి."

కోడలు మొహానికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. యజమాని భార్య భర్త వైపు చూసిన చూపుకి ఆయన మెడ ఇంకా కిందికి పోయింది.

"ఆపరేటర్! ఆపు దాన్ని!" అని అరిచాడు యజమాని, తల ఎత్తకుండానే.

మొగుడు ఆమె మీదికి వచ్చాడు. పళ్ల సందుల్లోంచి అన్నాడు. "ఆపవే. ఇంటికెళ్లి మాట్లాడుకుందాం. ఆపు."

"ఆపరేటరు మీరు కదండీ. పలక మీద పేరు కూడా ఉంది. పైకెళ్లి ఆపండి."

ఆయన ఒక్క క్షణం నిలబడి, మెట్ల వైపు పరిగెత్తాడు. మోకాళ్లు ఏమైపోయాయో మరి. పైన గదిలో ఏదో పడిన చప్పుడైంది. హాల్లో దీపాలన్నీ వెలిగాయి, ఆరాయి, మళ్లీ వెలిగాయి. తెర పక్కన పరదా సగం దాకా వచ్చి నిలిచిపోయింది. నేల తుడుస్తున్న మనిషి మాత్రం తుడుస్తూనే ఉంది. బొమ్మ చివరికి వచ్చి, మళ్లీ మొదలైంది.

ఆమె డిస్కు తీసుకెళ్లి యజమాని భార్య చేతిలో పెట్టింది. "మీ మామగారు ఇందులో ఉన్నారండి. తీసింది నేను. జాగ్రత్తగా దాచుకోండి. ఇంకో కాపీ కూడా చేయించండి." యజమాని భార్య రెండు చేతులా అందుకుంది.

అత్తగారు అప్పటికి తేరుకుంది. "కట్టుకున్నవాడిని నలుగురిలో నిలబెట్టి పరువు తీశావు కదే! రా, ఇంటికి రా, నీ సంగతి చెబుతాను."

ఆమె ఇంటి తాళంచెవి తీసి, ఆవిడ కుర్చీ చేతి మీద, ఆవిడ వేళ్ల పక్కనే పెట్టింది. వెనకవరసలో ఊడ్చే ఆవిడ లేచి, బయటికి పోయే తలుపు తీసి పట్టుకుని నిలబడింది.

"పొద్దున ఆ కంతలో జుట్టు సగమే తీశాను అత్తయ్యా" అంది ఆమె. "మిగతాది మీవాణ్ణి తీసుకోమనండి."